గొడవ కాకుండా వాట్సాప్ గ్రూపులో వాదించుకోవడం ఎలా?

మా పదో తరగతి బ్యాచ్ గ్రూపుకు ఎనిమిదేళ్లుగా అడ్మిన్‌ని. ఒక్క మాట పట్టింపుతో చిన్ననాటి స్నేహితులు గ్రూపులోంచి వెళ్లిపోవడం చూసి చూసి విసిగిపోయి ఈ పద్ధతి పెట్టుకున్నాను. కావాల్సినవి తక్కువే: ఓపికున్న ఇద్దరు అడ్మిన్లు, గ్రూపు వివరాల్లో రాసిపెట్టిన మూడు నియమాలు. ఒకసారికి ఒకే విషయం. వాయిస్ మెసేజ్‌లు వద్దు. ఫార్వర్డ్‌లు అసలే వద్దు.

1. ప్రశ్న సరిగ్గా పెట్టండి

"ఇంగ్లిష్ మీడియం మంచిదా, చెడ్డదా?" అని అడిగితే తెల్లారేదాకా తెగదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం పెడుతూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మేం అడిగింది ఇదీ: "ఒకటో తరగతి నుంచే తప్పనిసరి చేయడం సరైనదేనా?" దీనికైతే జవాబు చెప్పొచ్చు.

2. టైము పెట్టండి

ఆదివారం సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర. పని రోజుల్లో వద్దు, పది దాటాక అసలు వద్దు.

3. ఎదుటివాడి మాట ముందు మీరు చెప్పండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. జవాబిచ్చే ముందు అవతలి మనిషి వాదనను మీ మాటల్లో రాసి, "నువ్వనేది ఇదేనా?" అని అడగాలి. అవునని అతను చెప్పేదాకా మీ వాదన ఒక్క వాక్యం కూడా రాయకూడదు. మన శాస్త్రాల్లో దీన్నే పూర్వపక్షం అన్నారు. ముందు ఎదుటి పక్షం, ఆ తర్వాతే మన సిద్ధాంతం. తర్కం గురించి చెప్పే పాత సంస్కృత గ్రంథం న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా చెప్పింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ని ఖండించడానికే చేసేది వితండ. మనం రోజూ తిట్టుకునే వితండవాదం అక్కణ్నుంచి వచ్చిందే.

ఇది ఎలా చెడుతుందో చూడండి. లారీలు తిప్పే మిత్రుడొకడు, "ఇంగ్లిష్ రాకపోతే మా పిల్లలు ఊళ్లోనే ఉండిపోతార్రా" అన్నాడు. తెలుగు టీచరుగా పనిచేసే ఇంకో మిత్రుడు వెంటనే, "అంటే నువ్వు తెలుగు చచ్చిపోయినా ఫర్లేదంటావ్" అని పెట్టాడు. దానికి జవాబు: "సరే సార్, మీరు పండితులు."

రెండు గుర్తులు పట్టుకోండి. "అంటే నువ్వు" అని మొదలైన వాక్యంలో అవతలివాడు అనని మాటే ఉంటుంది. రోజూ "రా" అని పిలిచేవాడు "సార్" అన్నాడంటే మనసు విరిగినట్టే. ఈ రెంటిలో ఏది కనబడినా అడ్మిన్ అక్కడే ఆపాలి.

ఆపి, టీచరును మళ్లీ రాయమన్నాను. "డబ్బున్నవాళ్ల పిల్లలు ఎలాగూ ప్రైవేటు బడుల్లో ఇంగ్లిష్‌లో చదువుతున్నారు, సర్కారు బడి పిల్లలకే తెలుగు మీడియం అనడం అన్యాయం. ఇదేనా నీ మాట?" అని రాశాడు. ఐదు నిమిషాలకు జవాబొచ్చింది: "సగమేరా. ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీద పడితే ఫిజిక్స్ అర్థంకాక మానేసినవాణ్ని నేను. అది చెబుతున్నా." అతను చదువు ఎందుకు మానేశాడో అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. టీచరు ఆ మాటను కూడా కలిపి మూడోసారి రాశాక, లారీ మిత్రుడు "అవును, ఇదే" అన్నాడు. ఆ తర్వాతే టీచరు తన వాదన మొదలుపెట్టాడు: ఐదో తరగతి దాకా వీలైనచోట అమ్మభాషలోనే చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోందని, ఇంట్లో ఒక్క ఇంగ్లిష్ ముక్క వినని పిల్లాడికి లెక్కలు కూడా అందులోనే చెబితే రెండూ రావని.

తొందరపడి రాసేస్తే, పంపిన పావుగంట దాకా మెసేజ్ దిద్దుకోవచ్చు. దిద్దుకోండి, అందులో నామోషీ ఏం లేదు.

చాలామంది అడ్మిన్లు "రాజకీయాలు నిషేధం" అని బోర్డు పెట్టేస్తారు. నేను ఒప్పుకోను. అలాంటి గ్రూపుల్లో పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు కేకులు తప్ప ఏమీ మిగలవు. మన పిల్లల చదువు గురించి మనవాళ్లతో మాట్లాడకపోతే ఇంకెవరితో మాట్లాడతాం?

4. ఎవరైనా మాట తూలితే

ఆ మెసేజ్ తీసేసి, ఫోన్ చేయండి. నలుగురిలో మందలించొద్దు.

5. ముగింపు రాయండి

ఎవరు గెలిచారని రాయొద్దు. ఏది తేలింది, ఏది తేలలేదు, అంతే. ఆ రోజు మేం రాసుకున్నవి రెండు వాక్యాలు: "ఇంగ్లిష్ బాగా రావాలని అందరం ఒప్పుకున్నాం. ఒకటో తరగతి నుంచే మీడియంగా ఉండాలా అన్నది తేలలేదు." వచ్చే ఆదివారానికి ప్రశ్నను లారీ మిత్రుడే ఇచ్చాడు: ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లాడికి తెలుగు పాఠం రోజుకు ఎంతసేపుండాలి?