రాజ్యాంగాన్ని మనమే చదువుదాం – 4వ పాఠం: ‘చట్టం’ అనే ఒక్క మాట

పోయిన పాఠంలో 12వ అధికరణం చదివి, ‘రాజ్యం’ అంటే ఎవరెవరో రాసుకోమన్నాను. పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వం రాసి ఆగిపోయారా? మీ ఊరి పంచాయతీ కూడా అందులోకే వస్తుంది. చేర్చుకోండి.

ఇవాళ 13వ అధికరణం. పెన్సిల్ దగ్గర పెట్టుకుని రెండో క్లాజు నెమ్మదిగా రెండుసార్లు చదవండి. ప్రాథమిక హక్కులను తీసేసే, తగ్గించే చట్టమేదీ రాజ్యం చేయకూడదు, చేస్తే ఆ మేరకు చెల్లదు అని ఉంటుంది. ‘ఆ మేరకు’ కింద గీత గీయండి. విడదీయడానికి వీలుంటే, హక్కుకు అడ్డొచ్చిన భాగమే పోతుంది, మిగతా చట్టం నిలుస్తుంది. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇక మూడో క్లాజు. చట్టం అంటే ఏవేవి వస్తాయో అందులో ఉంది: ఆర్డినెన్సు, ఉత్తర్వు, నియమం, నోటిఫికేషన్, చట్టంలా చెల్లుబాటయ్యే ఆచారం కూడా. ‘రాజ్యాంగ సవరణ’ ఉందేమో వెతకండి. కనబడదు.

అసలు పేచీ అక్కడే. సవరణ కూడా చట్టమే అయితే పార్లమెంటు హక్కులకు కోత పెట్టలేదు. కాదంటే, సవరణ ఎలా చేయాలో చెప్పే 368వ అధికరణం అడిగే మెజారిటీ ఉంటే చాలు, ఏ హక్కునైనా తీసేయొచ్చు. 1951లో శంకరీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు కాదంది. 1967లో గోలక్‌నాథ్ కేసులో 11 మంది జడ్జీల్లో ఆరుగురు అవునన్నారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. దానికి జవాబుగా పార్లమెంటు 1971లో 24వ సవరణ తెచ్చి, సవరణలకు ఈ అధికరణం వర్తించదని 13లో నాలుగో క్లాజు చేర్చింది. మీ పుస్తకంలో చూడండి, ఇప్పటికీ ఉంది.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది. 13 మంది జడ్జీల్లో ఏడుగురు ఒక మాట మీద నిలబడ్డారు: పార్లమెంటు హక్కులనూ సవరించవచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని, అంటే దాని పునాది లక్షణాలను, చెరపకూడదు. ‘మౌలిక స్వరూపం’ అనే మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయినా పార్లమెంటుకు ఈ హద్దు ఉండాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను. అది ఒక్క ఓటు తేడాతో దక్కిందని చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అభ్యాసం: 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసి 300ఎ అధికరణంలో పెట్టింది. అది చెల్లుతుందా? గోలక్‌నాథ్ తీర్పు ప్రకారం ఒకసారి, కేశవానంద తీర్పు ప్రకారం ఒకసారి, నాలుగేసి వాక్యాల్లో రాయండి. రెండు జవాబులూ ఒకటే వస్తే మళ్లీ 13 తెరవండి. వచ్చే పాఠంలో 32వ అధికరణం చదువుదాం.