వైజాగ్‌లో రూము బుక్ చేస్తున్నారా? రెండోసారి మాత్రం డబ్బు కొట్టకండి

డిసెంబరు దగ్గర పడిందంటే వైజాగ్‌లో రూములకి గిరాకీ మొదలవుతుంది. అరకు, లంబసింగి చలి చూడ్డానికి వచ్చేవాళ్ళు, మార్గశిర గురువారాలకి కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ళు, క్రిస్మస్ సెలవుల వాళ్ళు, ఆపైన సంక్రాంతి. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి బంధువుల నుంచి, వాళ్ళ స్నేహితుల నుంచి వచ్చే ఫోన్లన్నిటిలో ప్రశ్న ఒకటే: "రెండ్రోజులకి వస్తున్నాం, ఎక్కడ దిగితే బాగుంటుంది?" దానికి జవాబు చెప్తాను. అంతకంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

ఈమధ్యే మాకు తెలిసిన ఖమ్మం కుటుంబం ఒకటి, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో సహా, రాత్రి పదింటికి బీచ్ రోడ్డులో ఒక హోటల్ ముందు సామాన్లతో దిగింది. కౌంటర్లో వాళ్ళ పేరు లేదు. చేతిలో బుకింగ్ కాగితం ఉంది, దాని మీద హోటల్ లోగో, జీఎస్టీ నంబరు కూడా ఉన్నాయి. హోటల్ నిజమైనదే. వీళ్ళతో ఫోన్లో మాట్లాడినవాడే ఆ హోటల్ మనిషి కాదు. ఇంటర్నెట్‌లో హోటల్ పేరు వెతికితే వచ్చిన నంబరుకి ఫోన్ చేసి, అడ్వాన్స్ పంపేశారు. పోయింది ఆ మొదటి అడ్వాన్స్ నాలుగు వేలే అయితే నేనిది రాసేదాన్ని కాదు. ఆ నాలుగు వేలు వెనక్కి తెచ్చుకుందామని తర్వాత కొట్టిన డబ్బు నలభై వేలు దాటింది.

2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం సరిగ్గా దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. యాత్రికులనీ పర్యాటకులనీ లక్ష్యంగా పెట్టుకుని నకిలీ వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, వాట్సాప్ ఖాతాలు, వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనలు పెట్టి మోసం చేస్తున్నారని చెప్పింది. చదువుకున్నవాళ్ళు, రోజూ ఫోన్లో డబ్బు పంపేవాళ్ళు కూడా పడుతున్నారు కాబట్టి "మాకు తెలుసులే" అనుకోకుండా చదవండి.

మోసం నడిచే తీరు

మ్యాప్‌లో ఉండే హోటల్ వివరాలకి మార్పులు ఎవరైనా సూచించవచ్చు. దొంగలు పేరు, ఫోటోలు, రేటింగ్ అన్నీ అలాగే ఉంచి ఫోన్ నంబరు ఒక్కటే మార్పిస్తారు. లేదా అదే పేరుతో ఇంకో వెబ్‌సైటు పెట్టి, ప్రకటనకి డబ్బు కట్టి, అన్నిటికంటే పైన కనిపించేలా చూసుకుంటారు. మీరు ఫోన్ చేయగానే చక్కటి తెలుగులోనో హిందీలోనో మర్యాదగా మాట్లాడతారు. "సీజన్ కదా సార్, సీ వ్యూ రూములు రెండే మిగిలాయి. సగం అడ్వాన్స్ కొడితే బ్లాక్ చేస్తాను" అంటారు. వాట్సాప్‌లో రూము ఫోటోలు వస్తాయి. అవి ఆ హోటల్ ఫోటోలే.

మీరు డబ్బు కొడతారు. పావుగంటకి ఫోన్ వస్తుంది: "సార్, మీ పేమెంట్ మా సిస్టమ్‌లో రిఫ్లెక్ట్ అవ్వలేదు. ఇంకోసారి కొట్టండి, మొదటిది ఆటోమేటిక్‌గా మీ ఖాతాకి వచ్చేస్తుంది." కొంపలు మునిగేది ఇక్కడే. రెండోసారి కొడతారు. ఆ తర్వాత "రిఫండ్ కోడ్ చెప్తాను, అమౌంట్ దగ్గర టైప్ చేయండి, 24999" అంటాడు. అది కోడ్ కాదు, ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలు. పిన్ నొక్కగానే అదీ పోతుంది. ఇంకొంతమందికి క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేస్తే మీ డబ్బు వచ్చేస్తుంది" అని చెప్తారు. మనకి డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు.

ఎందుకు కొడతారు మళ్ళీ? రైలు టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి, పిల్లలు బ్యాగులు సర్దుకున్నారు, ఇంట్లో అందరికీ హోటల్ ఫోటోలు చూపించేశారు. నాలుగు వేలు పోయాయి అని ఒప్పుకోవడానికి మనసు రాదు. ఇంకొక్కసారి కొడితే అంతా సరైపోతుందని అనిపిస్తుంది. వాడు బతికేది ఆ ఆశ మీదే. పైగా ఫోన్ పెట్టనివ్వడు, లైన్లోనే ఉంచి తొందర పెడతాడు, పక్కనున్నవాళ్ళని ఒక మాట అడిగే వ్యవధి ఇవ్వడు.

అందుకే నేను చెప్పేది ఇది. మొదటి అడ్వాన్స్ దగ్గర ఎవరైనా మోసపోవచ్చు. రెండోసారి మాత్రం కొట్టకండి. నిజమైన హోటల్ ఏదీ "డబ్బు అందలేదు, మళ్ళీ పంపండి, మొదటిది తిరిగొస్తుంది" అని అడగదు. ఆ మాట వినపడగానే ఫోన్ కట్ చేయండి.

డబ్బు కొట్టేముందు

వైజాగ్ ల్యాండ్‌లైన్ నంబర్లు 0891తో మొదలవుతాయి. హోటల్‌కి ల్యాండ్‌లైన్ ఉంటే దానికే చేసి, "మీ రిజర్వేషన్ మొబైల్ నంబరు ఇదేనా?" అని అడగండి. బుకింగ్ యాప్‌లో "హోటల్లో చెల్లించండి" అనే సదుపాయం ఉంటే అదే ఎంచుకోండి, కాస్త ఎక్కువైనా సరే.

డబ్బు పంపేటప్పుడు అవతలి ఖాతాదారు పేరు తెర మీద వస్తుంది. హోటల్ పేరుకీ ఆ పేరుకీ సంబంధం లేకపోతే ఆపేయండి. చిన్న లాడ్జీల్లో యజమాని సొంత పేరే ఉండొచ్చు, నిజమే. అలాంటి చోట డబ్బు కౌంటర్లోనే ఇస్తామనండి. ఒప్పుకోకపోతే ఇంకో లాడ్జీ చూసుకోండి, ఊళ్ళో లాడ్జీలకి కొదవ లేదు.

అన్నిటికంటే తేలికైనది వీడియో కాల్. "ఒక్కసారి గుమ్మం బయటికి వచ్చి బోర్డు, ఎదురు రోడ్డు చూపించండి" అనండి. అసలు మనిషైతే అరనిమిషం పని. దొంగైతే కెమెరా పనిచేయట్లేదంటాడు, మేనేజర్ ఒప్పుకోడంటాడు, రేటు తగ్గిస్తానంటాడు. రేటు తగ్గిస్తానన్నాడంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇంకో సంగతి. పాత వెబ్ పేజీల్లో ఋషికొండ మీద ఉండే పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఫోటోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ భవనాలని 2021లోనే కూల్చేశారు. దాని పేరుతో ఎవరైనా రూము ఇస్తామంటే మీకు తెలియాల్సింది తెలిసిపోయినట్టే.

ఏ వైపు దిగాలి

మీరు చూడాలనుకున్నవి ముందు రాసుకుని, దిగే చోటు తర్వాత చూడండి. ఈ ఊరు సముద్రం వెంట పొడుగ్గా సాగి ఉంటుంది. తప్పు వైపు దిగితే రెండ్రోజుల్లో ఒక పూట రోడ్డు మీదే గడిచిపోతుంది.

పాత నగరం కోసం వచ్చేవాళ్ళు, అంటే వన్‌టౌన్, కురుపాం మార్కెట్, హార్బర్ పక్కన చర్చి, దర్గా, వెంకన్న గుడి ఉన్న మూడు కొండలు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు చూడాలనుకునేవాళ్ళు డాబాగార్డెన్స్, సూర్యాబాగ్, జగదాంబ ప్రాంతంలో దిగడం మేలు. వన్‌టౌన్ సందుల్లోనే దిగాలని పట్టుపట్టకండి, కార్లు తిరగవు. మార్గశిర గురువారాల్లో అయితే ఆ వైపు ఆటో కూడా కదలదు.

బౌద్ధ క్షేత్రాల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడ. తొట్లకొండ, బావికొండ భీమిలి రోడ్డులో ఉన్నాయి. బొజ్జన్నకొండ అనకాపల్లి దగ్గర శంకరంలో, సరిగ్గా ఎదురు దిక్కులో ఉంది. మొదటివి రెండూ, భీమిలి డచ్చి సమాధులూ మాత్రమే చూసేటట్టయితే ఋషికొండ వైపు దిగండి. బొజ్జన్నకొండ కూడా ఉంటే ఊరి మధ్యలో దిగండి. సింహాచలం ఎటు నుంచైనా వెళ్ళిరావచ్చు.

అరకు రైలు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. ఆ ముందు రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో ఉండండి. దొండపర్తి, రైల్వే న్యూకాలనీ, అల్లిపురం, ఏదైనా సరే. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం బండ్లని రానివ్వని భాగం ఉంది. సముద్రం ఎదుట పడుకుని ఆ రైలు అందుకోవాలంటే టెన్షన్ తప్పదు. కన్ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్ళకి స్టేషన్‌లోనే రిటైరింగ్ రూములున్నాయి, ఐఆర్‌సీటీసీలో పీఎన్ఆర్‌తో దొరుకుతాయి. పెద్దవాళ్ళుంటే ముందు అవే చూడండి.

ఇక మిగిలినవి వరసగా

టికెట్ మీద ఏ స్టేషన్ రాసుందో చూడండి. కొన్ని రైళ్ళు విశాఖపట్నం స్టేషన్‌కి రావు, దువ్వాడలో ఆగి పక్క లైన్లో వెళ్ళిపోతాయి. అక్కణ్ణించి ఊళ్ళోకి పదిహేను కిలోమీటర్ల పైనే. రాత్రి పూట దువ్వాడలో దిగేవాళ్ళు బండి ముందే మాట్లాడుకోండి.

"బీచ్‌కి దగ్గర" అని రాసి ఉంటే ఏ బీచ్ అని అడగండి. ఆర్కే బీచ్ వేరు, భీమిలి బీచ్ వేరు, మధ్యలో పాతిక కిలోమీటర్లు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ తీరంలో అద్దాల కిటికీలు ఏమయ్యాయో ఇక్కడివాళ్ళు మర్చిపోలేదు. క్యాన్సిలేషన్ ఉన్న గదే తీసుకోండి. హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం మానుకోండి, అడ్వాన్స్ పోతే పోయింది.

ఆటో అతను "ఆ హోటల్ మూసేశారు, ఇంకోటి చూపిస్తా" అంటే దిగి వేరే ఆటో ఎక్కండి.

ఆధార్ అసలు కాపీ వాట్సాప్‌లో పంపకండి. చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అది చూపించండి.

విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలో మనవలో వెంట ఉంటే ముందే చెప్పండి, ఓసీఐ కార్డు ఉన్నా సరే. వాళ్ళు దిగినట్టు హోటల్ వాళ్ళు ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వానికి తెలపాలి. ఆ ఏర్పాటు లేని లాడ్జీలు అర్ధరాత్రి గుమ్మంలోనే కాదంటాయి.

అపార్ట్‌మెంట్లో ఫ్లాటు రోజు లెక్కన తీసుకుంటే అసోసియేషన్ ఒప్పుకుందా లేదా కనుక్కోండి. వాచ్‌మన్ ఆపేస్తే ఓనర్ ఫోన్ ఎత్తడు.

గదిలోకి వెళ్ళగానే రెండో మెట్లదారి ఎక్కడుందో నడిచి చూడండి, తలుపుకి తాళం వేసుంటే గది మార్చమనండి. కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడండి. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కొవిడ్ చికిత్సకి వాడుతున్న హోటల్లో మంటలు లేచి పదిమంది ప్రాణాలు పోయాయి. నిద్రలో ఉన్నవాళ్ళ మీదికి మంట కంటే ముందు పొగ వస్తుంది.

స్నానానికి వెళ్ళేముందు గీజర్ స్విచ్ ఆపండి.

యారాడలో, ఋషికొండలో, ఆర్కే బీచ్‌లో హెచ్చరిక బోర్డు పెట్టిన చోట నీళ్ళలోకి దిగకండి. గది సముద్రం ఎదురుగా ఉందని పిల్లల్ని ఒంటరిగా పంపకండి. ఈ తీరంలో అల కంటే వెనక్కి లాగే నీరు ప్రమాదం.

రాత్రి పదకొండు దాటి చేరేవాళ్ళు సాయంత్రం ఒకసారి హోటల్‌కి ఫోన్ చేసి "వస్తున్నాం" అని చెప్పండి. లేకపోతే రానివాళ్ళ కింద లెక్కేసి గది ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"మళ్ళీ కొట్టండి" అంటే కొట్టకండి. "కోడ్ టైప్ చేయండి" అంటే టైప్ చేయకండి. "సరిపోలేదు, ఇంకో రెండు వేలు కొడితే మొత్తం రిఫండ్" అంటే కొట్టకండి. ఫోన్ మీ చెల్లెలి చేతిలోనో మీ అబ్బాయి చేతిలోనో పెట్టి మీరు కాసేపు పక్కకి వెళ్ళండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకండి, పొద్దున్న చేద్దాంలే అనుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు అవతలి ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటకముందే చెప్తే బ్యాంకు దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం పోతుంది. పేమెంట్ వివరాల్లో ఉండే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు చేతిలో పెట్టుకోండి, అవతలి ఫోన్ నంబరు, వాట్సాప్ మాటలు చెరిపేయకుండా ఉంచండి. మీ బ్యాంకుకి కూడా చెప్పండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "మీ డబ్బు రికవరీ చేయిస్తాం, కొంచెం ఫీజు కట్టాలి" అంటే వాడు కూడా మోసగాడే.