34 అంగుళాల మానిటర్ మీద ఏ విండో ఎక్కడ పెట్టాలి?

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. పని చేస్తున్నంతసేపూ నాలుగు విండోలు కళ్లముందు ఉండాల్సిందే: మూలం పీడీఎఫ్, టైపు చేసే ఫైలు, ఆంధ్రభారతి నిఘంటువు, ఎడిటర్‌తో మాట్లాడే వాట్సాప్.

ఇలాంటి అల్ట్రావైడ్ (బాగా వెడల్పైన) మానిటర్ కొనగానే చాలామంది స్క్రీన్‌ని చెరిసగం చేస్తారు. టైపింగ్ పనికి అది వద్దంటాను. రెండు విండోల మధ్య గీత సరిగ్గా ముక్కుకు ఎదురుగా వస్తుంది, టైపు చేసేది ఓ పక్కకు పోతుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. చేతులు పనిచేసే విండో మధ్యలో ఉండాలి. ఊరికే చూసుకునేవి పక్కలకు పోవాలి.

ఆఫీసు కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే, విండోస్ 11లో విండోస్ కీ, జెడ్ కలిపి నొక్కండి. వచ్చే బొమ్మల్లో మధ్య గడి వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి, చాలు.

సొంత కంప్యూటరైతే విండోస్‌కి అదనపు సౌకర్యాలిచ్చే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ వేసుకోండి, ఉచితమే. అందులో స్క్రీన్‌ని గళ్లుగా విభజించే ఫ్యాన్సీజోన్స్ ఆన్ చేసి, లేఅవుట్ ఎడిటర్ తెరిచి, కొత్త లేఅవుట్‌గా గ్రిడ్ ఎంచుకుంటే మూడు నిలువు గళ్లు వస్తాయి. వాటి మధ్య గీతలు పట్టుకుని జరపొచ్చు. నా స్క్రీన్ వెడల్పు 3440 పిక్సెళ్లు. అటు వెయ్యి, ఇటు వెయ్యి, మధ్యలో 1440. కుడి గడిని అడ్డంగా కోసి పైన నిఘంటువు, కింద వాట్సాప్ పెట్టాను. గీత నిలువుగా పడుతుంటే షిఫ్ట్ పట్టుకోండి, అడ్డంగా తిరుగుతుంది. సేవ్ చేశాక, విండోని మౌస్‌తో లాగుతూ షిఫ్ట్ నొక్కితే గళ్లు కనిపిస్తాయి. కావలసిన గడిలో వదిలేయడమే. కొత్తగా తెరిచిన విండోని అది కిందటిసారి ఉన్న గడికే (జోన్‌కే) పంపే సెట్టింగ్ ఒకటుంది, దానికి తప్పక టిక్ పెట్టండి.

ప్రూఫులు దిద్దేటప్పుడు మాత్రం నాకూ రెండు సమాన గళ్లే కావాలి. ఎడమన రాతప్రతి, కుడిన ప్రూఫు, రెండూ 150 శాతం జూమ్‌లో. ఒకే పేరా రెండువైపులా ఒకే ఎత్తుకు వచ్చేలా జరుపుతాను. అప్పుడు ‘కళ్లు’ కాస్తా ‘కల్లు’ అయిన చోట చూపు దానంతటదే ఆగుతుంది. ఈ లేఅవుట్‌కి 2 అని నంబరిచ్చాను. విండోస్, కంట్రోల్, ఆల్ట్ కీలతో 2 నొక్కితే గళ్లు మారిపోతాయి.

మీటింగులో షేర్ చేసేటప్పుడు మొత్తం స్క్రీన్ కాకుండా ఒక్క విండోనే ఎంచుకోండి. లేకపోతే అవతలివాళ్ల ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, మీ వాట్సాప్ కూడా కనిపిస్తుంది.