మాగ్డెబర్గ్‌లో ఇల్లు వెతుకుతూ ఊరు చూడండి

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో దిగిన మొదటి వారం మనవాళ్లు చూసేవి మూడే: రైల్వే స్టేషన్, యూనివర్సిటీ, బియ్యం దొరికే దుకాణం. ఆ తర్వాత "ఈ ఊళ్లో చూడటానికి ఏముంది?" అని పెదవి విరుస్తారు. నేనూ విరిచాను. అద్దె ఇంటి కోసం కాళ్లరిగేలా తిరిగాకే ఈ ఊరు కళ్లకు ఆనింది.

1945 జనవరి 16 రాత్రి బాంబు దాడికి ఊరి నడిబొడ్డు చాలావరకు కాలిపోయింది. మిగిలినదీ, తర్వాత కట్టినదీ పక్కపక్కనే కనిపిస్తాయి. అద్దె ప్రకటనల్లోనూ ఆ తేడా ఉంటుంది. 'ఆల్ట్‌బౌ' అంటే పాతకాలపు ఇల్లు. హాసెల్‌బాఖ్ కూడలి చుట్టూ ఇవే ఎక్కువ. ఎత్తైన గదులు, గోడల మీద సున్నపు పూలూ లతలూ. చాలా వాటికి లిఫ్టు ఉండదు. రెండు పెట్టెలు మోసుకుంటూ నాలుగో అంతస్తు ఎక్కితే ఆ పూలలతల మీద మోజు సగం తీరిపోతుంది. 'ప్లాటెన్‌బౌ' అంటే ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలను క్రేనుతో నిలబెట్టి కట్టిన తూర్పు జర్మనీ నాటి అపార్ట్‌మెంటు. నోయ్ ఓల్వెన్‌ష్టెట్ పేటలో చూడవచ్చు. అందం సంగతి అడగకండి. రాత్రి పది దాటాక మాత్రం అల్లం వెల్లుల్లి దంచకండి, కింది ఇంటివాళ్లు తలుపు కొడతారు. ఏ ఇల్లు తీసుకున్నా ప్రకటనలోని అద్దె ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు కలపని 'కాల్ట్'దా, కలిపిన 'వార్మ్'దా అడగండి. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు డోమ్‌కు వెళ్లండి. 1209లో మొదలైన ఈ గోథిక్ చర్చి 1520కి గానీ పూర్తి కాలేదు. చక్రవర్తి మొదటి ఒట్టో సమాధి ఇక్కడే ఉంది. అందరూ అక్కడే ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. మీరు ఉత్తర ద్వారం దగ్గర ఆగండి. బైబిలు కథలో పెళ్లికొడుకు కోసం దీపాలతో ఎదురుచూసిన పదిమంది కన్యల శిల్పాలు, సుమారు 1250 నాటివి. నూనె దాచుకున్న ఐదుగురి బుగ్గలు నవ్వుతో పొంగాయి. నూనె అడుగంటినవాళ్లలో ఒకామె గుండె బాదుకుంటోంది, ఇంకొకామె ఏడుపుతో మొహం చిట్లించింది. పరీక్ష ఫలితాల రోజు మన హాస్టల్ వరండా గుర్తొచ్చింది నాకు.

డోమ్‌కు నాలుగడుగుల దూరంలో గులాబీరంగు గ్రీన్ సిటడెల్ అనే భవనం. ఆస్ట్రియా కళాకారుడు హుండర్ట్‌వాసర్ రూపకల్పన, ఆయన పోయిన ఐదేళ్లకు 2005లో పూర్తయింది. గోడల్లోంచి చెట్లు మొలిచి ఉంటాయి. అద్దెకున్నవారు కిటికీలోంచి చెయ్యి చాచి, అందినంత మేర బయటి గోడకు తమకు నచ్చిన రంగు వేసుకోవచ్చట! మన ఇంటి ఓనర్లు మేకు కొట్టనిస్తే అదే గొప్ప.

ఎండ కాసిన రోజు సైకిలు మీద ఊరికి ఉత్తరాన ఉన్న నీటి వంతెనకు వెళ్లండి. 2003లో తెరిచారు, పొడవు 918 మీటర్లు. పి. గన్నవరంలో గోదావరి పాయ మీదుగా కాలువ పారడం చూసినవారికి సంగతి చప్పున అర్థమవుతుంది. ఇక్కడ ఎల్బే నది పైనుంచి కాలువలో సరుకు ఓడలే సాగిపోతాయి. వెళ్లగానే ఓడ కనిపించకపోతే తిరిగి రాకండి, పులిహోర డబ్బా విప్పుకుని గట్టు మీద కూర్చోండి.