సెకండ్ హ్యాండ్ ట్రాలీ కొన్నాను, ఆర్‌సీ మాత్రం నా పేరుకు రానంది

తెనాలి నుంచి గుంటూరుకు కూరగాయలు వేయడానికి తొమ్మిదేళ్ల పాత ట్రాలీ బండి చూశాను. మెకానిక్‌ని వెంటబెట్టుకునే వెళ్లాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాడు. ఆయిల్ మూత తీసి పొగ తన్నుతోందేమో చూశాడు. కిందికి దూరి ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులున్నాయేమో తడిమాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కాగితాల సంగతే ఇద్దరం మర్చిపోయాం!

అమ్మినాయన "లోను ఎప్పుడో కట్టేశా బాబూ" అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఫైనాన్స్ వాళ్ల పేరు ఆర్‌సీలో అలాగే ఉండిపోయింది. అది తీయించకుండా బదిలీ కుదరదన్నారు ఆర్టీఓ ఆఫీసులో. నా అదృష్టం, బండి డబ్బులో 20 వేలు ఇవ్వకుండా పట్టి ఉంచుకున్నాను కాబట్టి ఆయన నాతో తిరిగాడు. ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి, అభ్యంతరం లేదని రాసిచ్చే ఎన్‌ఓసీ, వాళ్లు సంతకం చేసి ముద్ర వేసిన ఫారం 35 తెచ్చుకున్నాం. దాంతో ఆ పేరు తీయించి, ఫారం 29, 30 మీద ఆయన సంతకాలతో బదిలీకి పెట్టాను.

మధ్యలో పాత చలానాలు బయటపడ్డాయి. ఆ డబ్బు ఆ 20 వేలలోంచే కోసుకున్నాను. రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ పరీక్ష ఏటా చేయించాలి కదా, అదీ దగ్గరపడింది. ఇన్సూరెన్సు నా పేరుకు మార్పించాకే మొదటి లోడు ఎత్తాను. వంకాయలు.