షియర్ బోల్ట్ తెగిందని గట్టి బోల్ట్ వేయకండి

ట్రాక్టర్ వెనక గడ్డి కోసే మోవర్ తిప్పుతుంటే షియర్ బోల్ట్ టప్పున తెగిపోయిందని చిరాకుపడి, డబ్బాలో దొరికిన గట్టి బోల్ట్ ఏదో బిగించేస్తుంటారు చాలామంది, కానీ షియర్ బోల్ట్ ఉన్నదే తెగడానికి. బ్లేడ్ ఏ మొద్దుకో రాయికో తగిలినప్పుడు బోల్ట్ తెగకపోతే ఆ దెబ్బ గేర్‌బాక్స్‌కి, పీటీఓ షాఫ్ట్‌కి (ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని మోవర్‌కి అందించే తిరిగే కడ్డీకి) పోతుంది.

బోల్ట్ తల చూడండి, అదెంత గట్టిదో (గ్రేడ్) అక్కడే తెలుస్తుంది, అంకె పెరిగేకొద్దీ గట్టిది. ఇంచీ సైజు బోల్ట్‌లలో గీతలేమీ లేకపోతే సాధారణంగా గ్రేడ్ 2, మూడు గీతలుంటే 5, ఆరుంటే 8. మిల్లీమీటర్ సైజువాటిపై 8.8, 10.9 అని అంకెలే ఉంటాయి. చాలా మోవర్లకి గ్రేడ్ 2 వేస్తారు, కొన్నిటికి వేరే గ్రేడ్ అడుగుతారు కాబట్టి మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే. లావు, పొడవు కూడా అంతే ఉండాలి. పొడవు ఎందుకంటే తెగే చోట నున్నటి కాడ పడాలా, మరలు పడాలా అన్నది దాన్నిబట్టే ఉంటుంది, మరల దగ్గర బోల్ట్ సన్నం కదా, తక్కువ బలానికే తెగుతుంది.

సరైన బోల్ట్ వేసినా మాటిమాటికీ తెగుతుంటే రంధ్రాలు అరిగి కోలగా అయ్యాయేమో చూడండి. మార్చేముందు పీటీఓ ఆపి, ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, బ్లేడ్లు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టండి.