పాత డీజిల్ పికప్ మరమ్మతు – 4వ పాఠం: ఫీడ్ పంపు మార్చడం

గత పాఠంలో రెండు డీజిల్ ఫిల్టర్లను మార్చుకున్నాం. ఆ తర్వాత కూడా బండి లోడుతో ఎత్తు ఎక్కలేకపోతున్నా, స్టార్టయిన కాసేపటికే ఆగిపోతున్నా, అనుమానం ట్యాంకు నుంచి డీజిల్ లాగి ముందుకు పంపే ఫీడ్ పంపు మీదికి పోతుంది. ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకు ఒత్తిడితో డీజిల్ పంపేది) పక్కన మూడు నట్లతో బిగించి ఉండే ప్లంజరు రకం (లోపల పిస్టను ముందుకూ వెనక్కూ కదిలే) ఫీడ్ పంపుకే ఈ పాఠం వర్తిస్తుంది.

అయితే పంపు కొనే ముందు, తప్పు నిజంగా దానిదేనా అన్నది తేల్చుకోవాలి. ఫీడ్ పంపు దాటిన తర్వాత ఎక్కడ కారినా డీజిల్ తడి కనబడుతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారిలో చిల్లు పడితే మాత్రం, అక్కడ డీజిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది కాబట్టి, పైకి ఏమీ తెలియదు. కొత్తపట్నం, ఇస్కపల్లి వంటి తీరపు ఊళ్లలో రొయ్యల మేత, ఐసు తోలే బండ్లకు ఉప్పుగాలి తగిలి ఇనుప గొట్టం క్లిప్పుల కింద తుప్పు పట్టవచ్చు. చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగే బండికి ట్యాంకు మూతలోని గాలిరంధ్రం పూడుకుపోవచ్చు. మూత తీయగానే బుస్సుమని గాలి లాక్కుంటే కారణం అదే.

పరీక్ష సులభం. శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి, పంపులోకి వచ్చే పైపును ఊడదీసి, దాని స్థానంలో ఒక కొత్త రబ్బరు పైపు తగిలించి క్యానులో ముంచాలి. క్యాను పంపు కంటే కిందనే ఉండాలి. చాలామంది దాన్ని పైన వేలాడదీస్తారు; అప్పుడు డీజిల్ తనంతట తానే దిగి, చెడిన పంపు కూడా మంచిదిగానే కనబడుతుంది. ఇలా నడిపినప్పుడు బండి బాగుంటే లోపం గొట్టంలోనో ట్యాంకు మూతలోనో ఉంది, లేకుంటే పంపులో ఉంది.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి, దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. చుట్టూ ఉన్న మట్టిని డీజిల్, బ్రష్షుతో కడిగి, గొట్టాలను పంపుకు బిగించే, మధ్యలో డీజిల్ పారే రంధ్రం ఉన్న రెండు బాంజో బోల్టులు విప్పి, గొట్టాల మూతులకు శుభ్రమైన పాలిథిన్ కట్టాలి. నట్లు తీసి పంపును లాగినప్పుడు కొంత ఆయిలు కారడం మామూలే. పాత ప్యాకింగును పూర్తిగా గీకి, అదే మందం గల కొత్తది వేయాలి.

కొత్త పంపును స్టడ్ల మీద పెట్టినప్పుడు అది పూర్తిగా ఆనకపోతే కంగారు పడనక్కరలేదు. ఫీడ్ పంపును నడిపే లోపలి క్యాము (తిరిగే ఉబ్బు) ఎత్తులో ఉండి, స్ప్రింగు తోస్తోందన్నమాట. ఇంజనును చేత్తో కొద్దిగా తిప్పి, మూడు నట్లనూ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించాలి. ఒక్కదాన్నే ముందు బిగిస్తే ఫ్లాంజి (నట్లు బిగించే అంచు) పగలవచ్చు. బాంజో బోల్టుల రాగి వాషర్లు కొత్తవే వేయాలి. దొరకకపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి మళ్లీ పనికొస్తాయి.

ఇక ఎయిర్, అంటే డీజిల్ దారిలో చేరిన గాలి, తీయాలి. ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే హ్యాండ్ ప్రైమరు పిడిని వదులు చేసి కొడుతూ, మొదటి ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూ, తర్వాత రెండోది, చివరికి ఇంజెక్షన్ పంపు స్క్రూ వరుసగా వదలాలి. నురగ పోయి డీజిల్ నిండుగా వస్తున్నప్పుడే, కొట్టడం ఆపకుండా స్క్రూ బిగించాలి. ప్రైమరు పిడిని తిరిగి గట్టిగా బిగించకపోతే అక్కడినుంచే మళ్లీ గాలి పడుతుంది. స్టార్టు చేసే ముందు ఇంజను ఆయిలు మట్టం చూడాలి: అది పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే పాత పంపు లోపలికి కార్చిందని అర్థం, ఆ ఆయిలుతో ఇంజను నడపకూడదు.

కొంతదూరం తిప్పి వచ్చాక ప్రతి జాయింటునూ పొడి కాగితంతో ఒత్తి చూడండి. కాగితం తడవకపోయినా పని పూర్తయినట్టు కాదు. రాత్రంతా నిలిపిన బండి మర్నాడు ఉదయం మొదటి సెల్ఫ్‌కే అందుకుంటేనే ఎక్కడా గాలి లాగడం లేదని తేలుతుంది.